వంతెన దాటితే నేరం: అమెరికాలో రాష్ట్రాల మధ్య తుపాకీ ప్రయాణం

ఫిలడెల్ఫియా నుంచి న్యూజెర్సీ వెళ్లాలంటే డెలావేర్ నది మీద ఒక వంతెన దాటితే చాలు. ట్రాఫిక్ లేకపోతే ఐదు నిమిషాల పని. 2013 అక్టోబరులో ఫిలడెల్ఫియాకు చెందిన ఓ మహిళ అలాగే నది దాటి న్యూజెర్సీలోకి కారులో వెళ్లింది. ఇద్దరు చిన్నపిల్లల తల్లి. అంతకుముందు రెండుసార్లు దోపిడీకి గురైంది. ఆ భయంతోనే పిస్టల్ కొనుక్కుంది, దాన్ని వెంట ఉంచుకోవడానికి పెన్సిల్వేనియా పర్మిట్ కూడా తీసుకుంది. దారిలో ట్రాఫిక్ పోలీసు కారు ఆపితే, తన దగ్గర తుపాకీ ఉందని ఆమే చెప్పింది. దాచాల్సిన విషయమని ఆమెకు తెలియదు. న్యూజెర్సీలో ఆ పర్మిట్ చెల్లదు. పోలీసు అక్కడికక్కడే అరెస్టు చేశాడు. ఆమె 40 రోజులు జైల్లో ఉంది. నేరం రుజువైతే కనీసం మూడున్నరేళ్ల జైలు తప్పదని అక్కడి చట్టం చెబుతుంది. పత్రికల్లో గొడవ అయ్యాక ప్రాసిక్యూటర్ కార్యాలయం మెత్తబడింది. చివరికి 2015 ఏప్రిల్‌లో గవర్నర్ క్రిస్ క్రిస్టీ క్షమాభిక్ష పెట్టడంతో ఆ కథ ముగిసింది.

తుపాకీ కొనడం చట్టబద్ధమే. పర్మిట్ అసలుదే. ఆమెకు నేర చరిత్ర లేదు. అయినా వంతెనకు ఒక కొసన హక్కుగా ఉన్నది రెండో కొసన నేరమైంది. అమెరికాలో తుపాకుల గురించి మాట్లాడేటప్పుడు చాలామంది పట్టించుకోని విషయం ఇదే. అక్కడ చట్టబద్ధత తుపాకీని అంటిపెట్టుకుని ఉండదు. ఆ మనిషి ఎవరు, ఏ రాష్ట్రంలో ఉన్నారు, ఆ క్షణంలో తుపాకీ కారులో ఏ మూల ఉంది అన్న మూడింటినీ బట్టి మారిపోతుంది.

భారతదేశంలో పరిస్థితి వేరు. రాజ్యాంగం ఆయుధాలు, తూటాలు, పేలుడు పదార్థాలను కేంద్ర జాబితాలో ఐదో అంశంగా పెట్టింది. 1959 ఆయుధాల చట్టం దేశమంతటికీ ఒక్కటే. లైసెన్సు దొరకడం కష్టం, అది ఎంత మేర చెల్లుతుందో ఆ కాగితం మీదే రాసి ఉంటుంది. విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తే చట్టం మారిపోదు. ఈ అలవాటుతో పెరిగిన మనిషికి అమెరికా పద్ధతి ఒక పట్టాన బుర్రకెక్కదు. అక్కడ కేంద్ర చట్టం నేల మాత్రమే వేస్తుంది, దాని మీద యాభై రాష్ట్రాలూ తలా ఒక ఇల్లు కట్టుకున్నాయి.

ఆ నేల వేసింది 1968లో. అంతకుముందు అమెరికాలో రైఫిల్ కొనడం పుస్తకం తెప్పించుకున్నంత తేలిక. 1963లో అధ్యక్షుడు కెనడీని చంపిన రైఫిల్‌ను లీ హార్వీ ఆస్వాల్డ్ షికాగోలోని ఓ క్రీడా వస్తువుల దుకాణం నుంచి దొంగ పేరుతో పోస్టులో తెప్పించుకున్నాడు. టెలిస్కోప్‌తో సహా దాని ధర 19 డాలర్ల 95 సెంట్లు. పార్సిల్ డల్లాస్‌లోని పోస్టు బాక్సుకు వచ్చింది. ఐదేళ్ల తర్వాత మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనడీ రెండు నెలల తేడాలో హత్యకు గురయ్యాక గానీ కాంగ్రెస్ కదలలేదు. అధ్యక్షుడు జాన్సన్ 1968 అక్టోబరు 22న సంతకం చేసిన గన్ కంట్రోల్ యాక్ట్ రాష్ట్ర సరిహద్దునే గీటుగా తీసుకుంది. లైసెన్సు లేని సామాన్యుడు వేరే రాష్ట్రంలో కొన్న తుపాకీని సొంత రాష్ట్రానికి తెచ్చుకోకూడదు, వేరే రాష్ట్రం వాడికి తన తుపాకీ ఇవ్వకూడదు. మధ్యలో కేంద్ర లైసెన్సు ఉన్న డీలర్ ఉండి తీరాలి.

ఈ నియమం ఇప్పటికీ అలాగే ఉంది. ఒహాయోలో ఉండే మనిషి టెక్సాస్‌లోని దుకాణంలో పిస్టల్ చూసి ముచ్చటపడితే డబ్బు అక్కడ కట్టొచ్చు, కానీ పిస్టల్ చేతికి రాదు. ఆ దుకాణం దాన్ని ఒహాయోలోని మరో డీలర్‌కు పంపాలి. కొన్న మనిషి సొంత ఊళ్లో ఫారం 4473 అనే కేంద్ర కొనుగోలు పత్రం నింపాలి, కొనేవారికి అర్హత ఉందో లేదో చూడటానికి ఎఫ్‌బీఐ నడిపే నిక్స్ తనిఖీలో నెగ్గాలి, ఆ తర్వాతే పిస్టల్ ఇంటికి. ఆన్‌లైన్‌లో కొన్నా దారి ఇదే. ఇంటి గుమ్మం దాకా తుపాకీ కొరియర్ చేస్తారన్న ప్రచారంలో నిజం లేదు. రైఫిల్, షాట్‌గన్‌లకు మాత్రం వెసులుబాటు ఉంది. దుకాణానికి స్వయంగా వెళ్లి, రెండు రాష్ట్రాల చట్టాలకూ లోబడి కొంటే అక్కడే తీసుకోవచ్చు. లైసెన్సున్న దుకాణంలో పొడవు తుపాకీకి 18, పిస్టల్‌కు 21 ఏళ్ల వయసును కేంద్ర చట్టం అడుగుతుంది. పిస్టల్ వయసు మీద కోర్టుల్లో వ్యాజ్యాలు నడుస్తున్నాయి.

కుటుంబాల్లో తప్పు జరిగేది దుకాణం బయటే. టెక్సాస్‌లో ఉన్న తండ్రి తన పాత పిస్టల్‌ను, సెలవులకు వచ్చిన ఫ్లోరిడా కొడుకు చేతిలో పెట్టి పంపితే ఇద్దరిదీ కేంద్ర నేరమే. డబ్బు చేతులు మారకపోయినా, ఇద్దరూ అర్హులైనా అంతే. అదే తండ్రి చనిపోయి, వీలునామా ద్వారానో వారసత్వంగానో వస్తే మాత్రం కొడుకు నేరుగా తీసుకెళ్లవచ్చు. బతికుండగా ఇవ్వడం నేరం, పోయాక సంక్రమించడం హక్కు. మధ్యలో డీలర్ ఉంటే బతికుండగా ఇచ్చినా ఏ చిక్కూ లేదు. అతను తీసుకునే కొద్దిపాటి రుసుముకు వెనకాడి కేసు తెచ్చుకోవడం ఏ లెక్కన చూసినా నష్టమే.

డీలర్ ఉంటే సరిపోతుందా అంటే, 2014లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చిన ఓ కేసు అందరూ చదవాల్సింది. వర్జీనియాలో ఓ మాజీ పోలీసుకు తుపాకీ దుకాణంలో డిస్కౌంట్ వస్తుంది. పెన్సిల్వేనియాలో ఉన్న మేనమామ వరస పెద్దాయన తనకో పిస్టల్ కావాలన్నాడు, 400 డాలర్ల చెక్కు పంపాడు. మాజీ పోలీసు కొన్నాడు, పెన్సిల్వేనియా తీసుకెళ్లి అక్కడి డీలర్ ద్వారా, తనిఖీ చేయించి మరీ అప్పగించాడు. రాష్ట్రం దాటించడంలో పొరపాటు లేదు. ఇద్దరికీ తుపాకీ ఉంచుకునే అర్హత ఉంది. అయినా శిక్ష పడింది. కారణం ఫారం 4473లోని ఒక్క ప్రశ్న: అసలు కొంటున్నది మీరేనా? అతను అవునని టిక్ పెట్టాడు. డబ్బు వేరొకరిది కాబట్టి అది అబద్ధమేనని సుప్రీంకోర్టు 5-4 తేడాతో తేల్చింది. మన భాషలో ఇది బినామీ కొనుగోలు. అర్హత లేని మనిషి కోసమో, నేరానికి వాడబోయే మనిషి కోసమో తెలిసి ఇలా కొనడాన్ని 2022లో వచ్చిన కొత్త చట్టం విడిగా కేంద్ర నేరంగా ప్రకటించి 15 ఏళ్ల దాకా జైలు పెట్టింది.

ఇంత కఠినంగా ఎందుకు అనిపించవచ్చు. షికాగో నగరం తన తుపాకుల జాడ మీద 2017లో ఇచ్చిన నివేదిక చూస్తే కారణం తెలుస్తుంది. నాలుగేళ్లలో అక్కడ దొరికి, జాడ తీయగలిగిన తుపాకుల్లో దాదాపు 60 శాతం ఇల్లినాయ్ బయట మొదటిసారి అమ్ముడైనవి. ఒక్క ఇండియానా వాటానే 21 శాతం. ఇల్లినాయ్‌లో తుపాకీకీ తూటాకీ కూడా ఫోయిడ్ అనే గుర్తింపు కార్డు ఉండాలి. సరిహద్దు దాటి ఇండియానా వెళితే అలాంటిది అక్కర్లేదు. ఇద్దరు స్థానికుల మధ్య ప్రైవేటు అమ్మకానికి కేంద్ర చట్టం తనిఖీ అడగదు. అక్కడ చిరునామా ఉన్న ఒక మనిషి దొరికితే దొంగ వ్యాపారికి చాలు. తూర్పు తీరంలో జార్జియా, కరోలినా, వర్జీనియాల నుంచి ఐ-95 రహదారి మీదుగా న్యూయార్క్ చేరే తుపాకుల ప్రవాహానికి అక్కడి పోలీసులు ‘ఇనుప గొట్టం’ అనే పేరే పెట్టారు. రాష్ట్రాల చట్టాల్లోని తేడానే ఈ వ్యాపారానికి పెట్టుబడి. ఆ తేడా ఏ రాష్ట్రానికా రాష్ట్రం సరిచేయగలిగేది కాదు. ఒక ఊరి చెరువుకు గట్టు వేసి పక్క ఊరి చెరువు తెగితే నీళ్లు రావని అనుకోవడం లాంటిది. దొంగ వ్యాపారి ఈ తేడాను చదువుకుని తప్పించుకుంటాడు, చదువుకోని మామూలు మనిషి పోలీసుకు నిజం చెప్పి దొరికిపోతాడు. ఈ వ్యవస్థలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

తూటాల దగ్గర పద్ధతి తలకిందులవుతుంది. 1986 నుంచి తూటాలు మాత్రమే అమ్మేవారికి కేంద్ర లైసెన్సు అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో కొని ఇంటికి తెప్పించుకోవచ్చు కూడా. అమెరికా తపాలా శాఖ మాత్రం తూటాలను మోయదు. ప్రైవేటు కొరియర్లే దిక్కు. కానీ రాష్ట్రం ఒప్పుకోవాలి. కాలిఫోర్నియా 2018 జనవరి నుంచి తన నివాసులు బయట కొన్న తూటాలను నేరుగా తెచ్చుకోవడాన్ని నిషేధించింది, 2019 జులై నుంచి ప్రతి కొనుగోలుకూ తనిఖీ పెట్టింది. లాస్ వెగాస్ వెళ్లినప్పుడు చవకగా ఉన్నాయని రెండు పెట్టెలు డిక్కీలో వేసుకొచ్చినా ఆ చట్టం కిందికి వస్తుంది. ఇది రాజ్యాంగానికి లోబడిందా లేదా అన్న వివాదం ఏళ్లుగా కోర్టుల్లో నలుగుతోంది. న్యూయార్క్ కూడా 2023 సెప్టెంబరు నుంచి తూటాలకు తనిఖీ మొదలుపెట్టింది. న్యూజెర్సీ మరో మెలిక పెట్టింది. మొన బోలుగా ఉండే తూటా ఇంట్లో, షూటింగ్ రేంజ్‌లో ఉండవచ్చు, మామూలుగా వెంట తిప్పకూడదు. పది తూటాలకు మించి పట్టే మ్యాగజీన్‌ను, అంటే తుపాకీకి తూటాలు అందించే డబ్బాను కూడా ఆ రాష్ట్రం 2018లో నిషేధించింది. పక్కనున్న పెన్సిల్వేనియాలో మామూలు పిస్టళ్లతో పాటు వచ్చే మ్యాగజీన్లే 15, 17 తూటాలు పడతాయి.

ఇక ప్రయాణం. దారిలో పది రాష్ట్రాలు, పది చట్టాలు ఉంటే వేటకు వెళ్లేవాడు ఎలా వెళ్లాలి? ఈ ప్రశ్నకు జవాబుగా 1986లో రీగన్ సంతకం చేసిన చట్టంలో ఒక సెక్షన్ వచ్చింది. బయల్దేరిన చోట తుపాకీ చట్టబద్ధం, చేరే చోటా చట్టబద్ధం అయితే మధ్యలోని రాష్ట్రాలు అడ్డుపడకూడదు. షరతులు రెండు. తుపాకీలో తూటాలు ఉండకూడదు. తుపాకీ గానీ తూటాలు గానీ ప్రయాణికుడు కూర్చున్న చోటి నుంచి చేతికి అందకూడదు. డిక్కీలో ఉండాలి. డిక్కీ విడిగా లేని ఎస్‌యూవీలో అయితే తాళం వేసిన పెట్టెలో ఉండాలి. డ్యాష్‌బోర్డు అర, సీట్ల మధ్య ఉండే పెట్టె తాళం వేసినా లెక్కలోకి రావు.

చదవడానికి ఇంత సులువైన సెక్షన్ మనుషుల ప్రయాణాల్లో ఎలా బెడిసికొట్టిందో చూడాలంటే 2005 మార్చికి వెళ్లాలి. యూటాకు చెందిన ఒకాయన సాల్ట్ లేక్ సిటీ నుంచి పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌కు బయల్దేరాడు. పిస్టల్‌ను తూటాలు తీసేసి, తాళం వేసిన పెట్టెలో పెట్టి, విమానయాన సంస్థకు చెప్పి చెక్-ఇన్ సామానులో వేశాడు. అంతా పద్ధతి ప్రకారమే. దారిలో విమానం ఆలస్యమై న్యూజెర్సీలోని న్యూవార్క్‌లో తర్వాతి విమానం తప్పింది. బదులుగా వేసిన బస్సులోకి అతని సామాను ఎక్కలేదు. సామాను వెతుక్కునే సరికి బస్సు వెళ్లిపోయింది. రాత్రికి ఆ పెట్టెతోనే ఎయిర్‌పోర్టు దగ్గరి హోటల్‌కు వెళ్లాడు. పొద్దున్నే మళ్లీ కౌంటర్‌కు వచ్చి, నా సామానులో తుపాకీ ఉంది అని నియమం ప్రకారం చెప్పాడు. అరెస్టు చేశారు. పర్మిట్ లేని పిస్టల్, మొన బోలు తూటాలు అన్నవి అభియోగాలు. నాలుగు రోజులు జైలు. కేసు తర్వాత ఎత్తేశారు గానీ అతని వస్తువులు తిరిగి రావడానికి ఏళ్లు పట్టింది. పరిహారం కోసం కోర్టుకెళ్తే 2010లో న్యూజెర్సీ కేసులు వినే కేంద్ర అప్పీళ్ల కోర్టు (మూడో సర్క్యూట్) కాదన్నది. హోటల్ గదిలో ఆ రాత్రంతా పెట్టె అతని చేతికి అందుబాటులోనే ఉంది కాబట్టి కేంద్ర సెక్షన్ రక్షణ వర్తించదని తీర్పు. సామాను తీసుకోకుండా ముందే ఎయిర్‌పోర్టు పోలీసులకో సిబ్బందికో చెప్పాల్సిందని కూడా సూచించింది.

ఆ రాత్రి అతను నిజంగా ఇంకేం చేయగలిగేవాడో ఆలోచిస్తే మనసు చివుక్కుమంటుంది. తీర్పు మాత్రం ఇప్పటికీ న్యూజెర్సీ మీదుగా వెళ్లే ప్రతి ఒక్కరికీ లెక్కే. ఆ సెక్షన్ కాపాడేది కదలికను. ఆగిన క్షణాన ఆగిన రాష్ట్రపు చట్టం మెడకు చుట్టుకుంటుంది. పెట్రోలుకు, భోజనానికి ఆగడం ఒకటి, స్నేహితుల ఇంట్లో రెండు రోజులు ఉండిపోవడం మరొకటి. ఎక్కడ గీత గీయాలో సెక్షన్ చెప్పలేదు. న్యూయార్క్, న్యూజెర్సీల్లో ఈ సెక్షన్ అరెస్టును ఆపే కవచంగా కంటే, అరెస్టయ్యాక కోర్టులో చెప్పుకునే వాదనగానే ఎక్కువ పనికొచ్చింది. విమానం మళ్లించి ఆ ఎయిర్‌పోర్టుల్లో దించేస్తే, సామాను చేతిలోకి తీసుకోకపోవడమే మంచిది.

విమానంలో తుపాకీ పంపే పద్ధతి మాత్రం దేశమంతటా ఒకటే. తూటాలు తీసేయాలి, గట్టి పెట్టెలో తాళం వేయాలి, కౌంటర్‌లో నోటితో చెప్పి డిక్లరేషన్ కార్డు మీద సంతకం చేయాలి, తాళంచెవి ప్రయాణికుడి దగ్గరే ఉండాలి. తూటాలు అట్ట, చెక్క, లోహపు పెట్టెల్లో సర్ది ఉండాలి. సాధారణంగా విమాన సంస్థలు ఐదు కిలోలకు మించి తీసుకోవు. చేతి సంచిలో మాత్రం ఒక్క తూటా కూడా కుదరదు. అయినా 2023లో అమెరికా ఎయిర్‌పోర్టుల తనిఖీ ద్వారాల దగ్గర 6,737 తుపాకులు పట్టుబడ్డాయి. వాటిలో 93 శాతం తూటాలు నింపినవి. పట్టుబడినవారిలో ఎక్కువమంది చెప్పే మాట ‘బ్యాగులో ఉన్న సంగతి మర్చిపోయాను’ అని.

తెలుగువారి విషయానికి వస్తే రాష్ట్ర సరిహద్దు కంటే ముందు మరో గీత ఉంది. 1998లో చేర్చిన నిబంధన ప్రకారం వలసేతర వీసా మీద అమెరికాలోకి వచ్చినవారు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం కేంద్ర నేరం. చదువుకునే ఎఫ్-1, ఉద్యోగానికి వచ్చిన హెచ్-1బీ, భార్య లేదా భర్తకు వచ్చిన హెచ్-4, మనవడిని చూడ్డానికి వెళ్లిన అమ్మానాన్నల విజిటర్ వీసా అన్నీ ఇందులోకే వస్తాయి. గరిష్ఠ శిక్ష ఇప్పుడు 15 ఏళ్లు. తుపాకీ నేరాలు దేశం నుంచి పంపించేయడానికి కూడా కారణమవుతాయి. గ్రీన్‌కార్డు వచ్చినవారికి ఈ అడ్డంకి లేదు, సొంత రాష్ట్రపు నియమాల ప్రకారం కొనుక్కోవచ్చు.

కొనకుండా రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాలిస్తే ఏమవుతుంది? వీకెండ్‌లో సరదాగా స్నేహితులతో వెళ్లి, ఫొటోలు పెట్టుకునే కుర్రాళ్లు అడిగే ప్రశ్న ఇదే. సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఓ కేసు సరిగ్గా ఇలాంటిదే. ఫ్లోరిడాలో చదువుకోవడానికి యూఏఈ నుంచి వచ్చిన విద్యార్థి చదువులో వెనకబడితే విశ్వవిద్యాలయం తీసేసింది, దాంతో వీసా హోదా పోయింది. తర్వాత అతను రేంజ్‌లో రెండు తుపాకులు కాల్చి, తూటాల పెట్టె ఒకటి కొన్నాడు. కేసు దానిమీదే. 2019లో సుప్రీంకోర్టు, అతనికి తన హోదా పోయిన సంగతి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలని చెప్పి శిక్షను పక్కన పెట్టింది. అద్దె తుపాకీ గంటసేపు పట్టుకోవడం నేరం కిందికి రాదని మాత్రం చెప్పలేదు. తన వీసా ఏదో తెలియదని వాదించే అవకాశం మన విద్యార్థికి ఎలాగూ ఉండదు. పాస్‌పోర్టు మీద అతికించే ఉంటుంది.

దీనికి మినహాయింపు ఒకటుంది, అదే పెద్ద చిక్కు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే వలసేతర వీసా ఉన్నవారికి నిషేధం వర్తించదు. చాలా రాష్ట్రాల్లో ఈ లైసెన్సు ఆన్‌లైన్‌లో, కొన్ని డాలర్లకే దొరుకుతుంది. మన పిల్లల మధ్య ఇది చిట్కాలాగా ప్రచారమవుతోంది. మినహాయింపు నిజమే. అయితే ఆ లైసెన్సు సాధారణంగా ఏడాదికి ముగుస్తుంది. రెన్యూ చేయడం మర్చిపోతే మర్నాటి నుంచి అల్మారాలోని తుపాకీ దానంతటది నేరమైపోతుంది. ఉద్యోగం మారి మరో రాష్ట్రానికి సామాను సర్దుకుంటే, పాత రాష్ట్రపు రైఫిల్‌కు కొత్త రాష్ట్రంలో వేరే పర్మిట్ కావాల్సి రావచ్చు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు ఉద్యోగాల కోసం ఎన్నిసార్లు రాష్ట్రాలు మారతారో తెలిసిందే. వేట లైసెన్సు మీద తుపాకీ తీసుకున్న తెలుగు విద్యార్థి అది చేతిలోనే పేలి చనిపోయిన వార్త 2024లో వచ్చింది. పిల్లలకు అక్కడ తుపాకీ దొరుకుతుందన్న సంగతే తమకు తెలియదని ఇక్కడి కుటుంబం కుమిలిపోయింది. చట్టం అనుమతించినంత మాత్రాన, ఎన్నడూ తుపాకీ తాకని ఇరవై ఏళ్ల కుర్రాడికి అది అవసరమని కాదు.

చివరి సరిహద్దు శంషాబాద్‌లో ఉంది. రేంజ్‌కు తీసుకెళ్లిన బ్యాగునే ఇండియా ప్రయాణానికి సర్దుకుంటారు. జిప్ వెనక, లైనింగ్ చిరిగిన చోట చిటికెన వేలంత తూటా ఒకటి చిక్కుకుని ఉంటుంది. అమెరికా ఎయిర్‌పోర్టులో తప్పించుకుంటే ఇక్కడ స్కానర్‌లో కనపడుతుంది. భారత చట్టంలో తుపాకీ లేకుండా తూటా ఒక్కటే దొరికినా, లైసెన్సు లేకపోతే నేరమే. 2019 సవరణ తర్వాత శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్లు. తన దగ్గర ఉందని తెలిసి ఉంచుకుంటేనే నేరమని 1972లో గున్వంత్‌లాల్ కేసు నుంచీ మన సుప్రీంకోర్టు చెబుతూ వస్తోంది. ఆ ఆధారంతోనే మర్చిపోయిన ఒంటరి తూటాల కేసులను హైకోర్టులు కొట్టేసిన సందర్భాలు ఉన్నాయి. కానీ దానికి ముందు ఎఫ్‌ఐఆర్ నమోదవుతుంది, తూటా ల్యాబుకు వెళుతుంది, లాయర్‌ను వెతుక్కోవాలి, హైకోర్టులో పిటిషన్ వేయాలి, వాయిదాలు ఉంటాయి. మూడు వారాల సెలవు మీద వచ్చిన మనిషికి వీసా స్టాంపింగ్ అపాయింట్‌మెంట్ ఒక పక్క, తిరుగు టికెట్ తేదీ మరో పక్క. బ్యాగు ఖాళీ చేసి, తిరగేసి, అరలన్నీ వేళ్లతో తడిమి చూడ్డానికి పది నిమిషాలు పడుతుంది. రేంజ్‌కు వెళ్లిన బ్యాగును అసలు ఇండియాకే తీసుకురాకపోతే ఆ పది నిమిషాలూ అక్కర్లేదు.